నిన్న రాత్రి ఈ ఇంట్లో ఎవరు పడుకున్నారు?

ఫారంలో మొదటి ప్రశ్న అదే.
కొత్తలో అడగడానికి నాకే మొహమాటంగా ఉండేది.

ఎనెలేసి గుమ్మంలో కూర్చుని
ఎండు మటెంబా చేపల్లోంచి గడ్డిపరకలు ఏరుతూ
తలెత్తకుండానే చెప్పింది:
నేనూ, ముగ్గురు పిల్లలూ, ఒక మేకా.

మేకకి గడి లేదమ్మా, అన్నాను.
అయితే మా ఆయన గడి కూడా కొట్టెయ్యి,
ఆయన పడుకునేది నీళ్ళ మీద.

నిజమే.
చిల్వా సరస్సులో జమ్ము దుబ్బులు తెగి తేలుతుంటాయి.
వాటి మీద గుడిసెలు వేసుకుని
నెలల తరబడి ఉండిపోతారు జాలరులు.
గాలి ఎటు తోస్తే అటు వాళ్ళ ఊరు.
పొద్దున ఉత్తరాన రాజుకున్న పొయ్యి
మాపటికి తూర్పున పొగ వదులుతుంది.
జొంబా ఆఫీసులో కపింగా సారు
పటాన్ని గోడకి కొట్టి
ఇంటికొక గుండుసూది గుచ్చమన్నాడు.
లైటన్ గుడిసె సూది నా జేబులోనే ఉండిపోయింది,
ఉతికినప్పుడల్లా వేలికి గుచ్చుకుంటూ.

ఆ ఏడు సరస్సు నిండుగా ఉంది.
రేవు నిండా కొత్త మొహాలు,
ఫలొంబె నుంచి, సరిహద్దు అవతల మొజాంబిక్ నుంచి.
సైకిళ్ళు బాగుచేసేవాడు వచ్చాడు,
వాడి వెనకే సబ్బులమ్మే ఇద్దరు అక్కచెల్లెళ్ళు.
చేపలు కాల్చే పొయ్యిల కోసం
కొండమీది చెట్లు మోపులై దిగొచ్చాయి.
పురుళ్ళు రాయడానికే ఒక పెన్సిల్ అరిగిపోయింది.

రాజధాని నుంచి వచ్చిన పెద్దమనుషులు
రేవుగట్టు మీద నిలబడి తేల్చేశారు:
జనం పెరిగింది, చేప తరిగింది.
వాక్యం బాగుంది. ప్రాస కూడా కుదిరింది.

కానీ నా దగ్గర రెండు గీతలున్నాయి.
ఒకటి, రేవులో పాతిన కొలకర్ర చెప్పే నీటిమట్టం.
రెండోది, ఇళ్ళలో పడుకున్న తలల లెక్క.
రెండోది మొదటిదాని వెంటే నడుస్తుంది,
కాస్త ఎడంగా,
అలిగిన పిల్ల తల్లి వెనక నడిచినట్టు.
నీళ్ళు రాగానే జనం రారు.
నీళ్ళు పోగానే జనం పోరు.
మధ్యలో ఏడెనిమిది నెలలు.
ఆ సందులో
కపింగా సారు గ్రాఫు తెల్లకాగితమే.

మూడో ఏడు వానలు మొహం చాటేశాయి.
ముందు కొలకర్ర మొదలు బయటపడింది,
తర్వాత దాని చుట్టూ బీటలు.
పడవలు బురదలో పక్కకి ఒరిగి
జబ్బుచేసిన దున్నల్లా పడుకున్నాయి.
లైటన్ వల వదిలేసి పిట్టలకి ఉచ్చులు పన్నాడు.
రోజుకి ఎన్ని పడతాయని అడిగితే
నవ్వి, కాకిలెక్కలు చెప్పాడు.
నేనూ అలాగే రాసుకున్నాను.

నిన్న రాత్రి ఈ ఇంట్లో ఎవరు పడుకున్నారు?
ఎవరూ పడుకోలేదు, అంది ఎనెలేసి.
పడుకుంటే తెల్లారుతుంది.

తర్వాతి విడతకి తలుపుకి తాడు కట్టి ఉంది.
కోడ్ ఏడు: ఇల్లు ఖాళీ.
కసుంగు పొగాకు తోటలకి పోయారంది పొరుగామె.

ఐదో ఏడు నీళ్ళు తిరిగొచ్చాయి.
ఎనిమిది నెలలకి వాళ్ళూ వచ్చారు.
పిల్లలు ఇప్పుడు నలుగురు.
చిన్నది తోటలో పుట్టింది,
ఏ పుస్తకంలోనూ లేదు.
పెద్దాడు తోటలోనే ఉండిపోయాడు,
రెండు పుస్తకాల్లోనూ ఉన్నాడు.
లైటన్ మళ్ళీ నీళ్ళ మీద.

రాసుకుని లేవబోతూ అడిగాను: మేకేదీ?
ఎనెలేసి చేతులు ఆగాయి.
మేకకి గడి లేదన్నావుగా, అంది.

కాసేపు జమ్ము ఊగే చప్పుడు.
ఆ తర్వాత తనే చెప్పుకుంటూ పోయింది:
నీళ్ళు పోయిన రెండో నెల మేక,
నాలుగో నెల వల, అదీ సగం ధరకి,
ఆరో నెల కప్పు మీది రేకులు,
ఆఖరున పెద్దాడి బడి.

ఫారం అంచున ఉన్న కాస్త చోట్లో
సన్నగా రాశాను, నెలలతో సహా.

ఇదేమిటని అడిగాడు సారు.
జేబులోంచి సూది తీసి
రెండు గీతల మధ్య, తెల్లకాగితంలో గుచ్చాను.